తూకానికి అందని మసి

తెల్లవారుజామున నాలుగు గంటలు. తిరుపతి బస్టాండు దగ్గర ఒక లాడ్జి ముందు రాత్రంతా నిలిపి ఉంచిన పెట్రోలు కారు స్టార్టవుతుంది. ఐదుగురు ఎక్కుతారు, డిక్కీ నిండా సామాను. ఇంజన్ ఇంకా సరిగా వేడెక్కక ముందే అలిపిరి తనిఖీ కేంద్రం వస్తుంది. అందరూ దిగాలి, సామాను స్కానింగ్‌కి పెట్టాలి, మళ్లీ ఎక్కాలి. అక్కడి నుంచి ఇక ఎక్కుడే ఎక్కుడు.

ఆ క్యూలో బండ్లు ఆగినప్పుడు సైలెన్సర్ పైపు లోపలి అంచును తెల్ల చేతిరుమాలుతో తుడిచి చూస్తే ఒక తేడా కనిపిస్తుంది. పాతకాలపు పెట్రోలు ఇంజన్ అయితే రుమాలుకి లేత బూడిద రంగు అంటుతుంది. డిక్కీ మీద జీడీఐ, టీజీడీఐ, టీఎస్ఐ లాంటి అక్షరాలున్న కారు, అంటే పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే ఇంజన్‌ది, అందులోనూ పొగలోని మసిని పట్టే ఫిల్టర్ లేనిది అయితే, కాటుక పెట్టిన వేలు తుడిచినట్టు నల్లగా అంటుకోవచ్చు. అదే రకం ఇంజన్‌కి ఫిల్టర్ బిగించి ఉంటే రుమాలు దాదాపు తెల్లగానే వస్తుంది.

తిరుపతిలో ఏ మెకానిక్ షెడ్డులో అడిగినా ఒకటే మాట వినిపిస్తుంది: "పెట్రోలు బండికి పొగ యాడిది నా?" ఒకప్పుడు ఆ మాట నిజమే. మసి అంటే డీజిల్, పెట్రోలంటే శుభ్రం అని ఒక తరం మొత్తం నమ్మింది, కారణం ఉండే నమ్మింది. ఆ కారణం ఇప్పుడు చాలా ఇంజన్లలో లేదు.

పాత పద్ధతిలో ఇంజెక్టర్ సిలిండర్ బయట, గాలి లోపలికి వెళ్లే దారిలో ఉంటుంది. మూడు నాలుగు బార్ల ఒత్తిడితో, వేడెక్కిన వాల్వు వీపు మీద పెట్రోలు చల్లుతుంది. వాల్వు తెరుచుకునే లోపు పెట్రోలు ఆవిరై గాలితో కలుస్తుంది, ఆ మిశ్రమం లోపలికి వెళ్లి అంటుకుంటుంది. నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే పద్ధతిలో ఆ వ్యవధి లేదు. పెట్రోలు లోపలికి పడినాకే ఆవిరి కావాలి, గాలితో కలవాలి, ఈలోపే స్పార్క్ ప్లగ్ నిప్పు పెడుతుంది. ఇంజన్ నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతుంటే ఈ మొత్తానికీ దొరికేది 30 మిల్లీసెకన్ల లోపే. 6,000 చుట్ల దగ్గర పది కూడా ఉండవు.

మరి ఇంత కష్టం ఎందుకంటే లాభం కూడా పెద్దదే. సిలిండర్ లోపలే ఆవిరయ్యే పెట్రోలు అక్కడి గాలిని చల్లబరుస్తుంది. గాలి చల్లబడితే ఇంజన్ కొట్టుకోకుండా కంప్రెషన్ పెంచవచ్చు, టర్బో పెట్టవచ్చు, వెయ్యి సీసీ ఇంజన్‌తో పెద్ద ఇంజన్ పికప్ తీయవచ్చు. మైలేజీ మెరుగవుతుంది, కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. 1954లో మెర్సిడెస్ 300 ఎస్ఎల్‌లోనే ఈ పద్ధతి ఉంది. ఎలక్ట్రానిక్ కంట్రోల్‌తో మామూలు జనం కార్లలోకి 1996లో మిత్సుబిషి తెచ్చింది. ఇప్పుడు మన దగ్గర టర్బో పెట్రోలు అని అమ్మే కార్లలో చాలావాటికి ఇదే ఆధారం.

మసి ఎక్కడ పుడుతుందో తెలుసుకోవడానికి వంటింట్లోకి వెళితే చాలు. గ్యాస్ పొయ్యి మంట నీలంగా ఉన్నంతసేపు గిన్నె అడుగు శుభ్రంగా ఉంటుంది. బర్నర్ రంధ్రాలు మూసుకుపోయి గాలి చాలనప్పుడు మంట పసుపు రంగుకి తిరుగుతుంది, గిన్నె నల్లబడుతుంది. ఆ పసుపు వెలుగు మసి కణాలదే, అవే వేడికి మెరుస్తున్నాయి. ఆముదం దీపం మీద పళ్లెం బోర్లించి కాటుక పట్టేది కూడా ఇలాగే: ముందుగా గాలితో కలవని ఇంధనం మండుతూ మండుతూ గాలిని వెతుక్కుంటుంది, అందనిచోట మసిగా మిగిలిపోతుంది. సిలిండర్‌లో పెట్రోలు ద్రవంగా మిగిలిన ప్రతి చోటా ఇలాంటి చిన్న దీపం ఒకటి వెలుగుతుంది.

అలా మిగిలే చోట్లు ప్రధానంగా మూడు. మొదటిది పిస్టన్ తల. చల్లని పెనం మీద నీళ్లు చల్లితే మడుగుగా నిలుస్తాయి, కాగిన పెనం మీదైతే చుయ్యిమని ఎగిరిపోతాయి. పనిలో ఉన్న ఇంజన్ పిస్టన్ తల వేడి 200 డిగ్రీలు దాటుతుంది. తెల్లవారుజామున స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలో అది గాలి ఉన్నంత వేడిగానే ఉంటుంది. తిరుపతిలో చలి ఎక్కడిది, కోల్డ్ స్టార్ట్ సమస్య యూరప్ వాళ్లదే అనుకోవడం పొరపాటు. మన 30 డిగ్రీల ఉదయం కూడా పెట్రోలుకి చల్లని పెనమే. రెండోది సిలిండర్ గోడ. అక్కడ అంటుకున్న పెట్రోలు కొంత ఇంజన్ ఆయిల్‌లోకి కూడా దిగుతుంది. మూడోది ఇంజెక్టర్ మూతి. చిమ్మడం ఆగాక మూతి దగ్గర మిగిలిన తడి అక్కడే కాలుతుంది, కార్బన్ పట్టుతుంది. ఆ కార్బన్ స్పాంజిలా తర్వాతి పెట్రోలును పీల్చుకుని మళ్లీ మండుతుంది. కొత్త కారు కంటే కొన్నేళ్లు తిరిగిన కారు ఎక్కువ మసి వదలడానికి ఇదొక దారి.

ఇక లెక్కల సంగతి. ఈ మసి కణాలు చాలావరకు 100 నానోమీటర్ల లోపువి. వెయ్యి నానోమీటర్లయితే ఒక మైక్రాన్. కల్యాణకట్టలో రాలే ఒక వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఆ మందంలో ఇవి వెయ్యి వరుసగా పడతాయి. ఒక మిల్లీగ్రాము మసి కావాలంటే సుమారుగా రెండు లక్షల కోట్ల కణాలు పోగవ్వాలి. కాబట్టి తూకం వేస్తే ఏమీ లేనట్టే కనిపిస్తుంది. మన దేశంలో వాహనాల పొగకి హద్దులు పెట్టే, 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న బీఎస్6 నిబంధన నేరుగా చిమ్మే పెట్రోలు కారుకి కిలోమీటరుకి 4.5 మిల్లీగ్రాముల దాకా అనుమతిస్తుంది. ఆ తూకంలో పైలెక్క ప్రకారం తొమ్మిది లక్షల కోట్ల కణాలు ఇమిడిపోతాయి. అందుకే తూకంతో పాటు ఎన్నో లెక్కపెట్టే నిబంధన కూడా పెట్టారు: కిలోమీటరుకి 60 వేల కోట్లు, అంటే ఆరు పక్కన పదకొండు సున్నాలు. ఈ రెండు హద్దుల్లో అసలు పట్టు ఉన్నది రెండోదానికే. మొదటి హద్దులో హాయిగా ఇమిడే కారు రెండో హద్దును పదిహేను రెట్లు దాటేయవచ్చు.

యూరప్‌లో డీజిల్ కార్లకి ఈ సంఖ్యా నిబంధన 2011లోనే వచ్చింది. పెట్రోలుకి మాత్రం దానికి పదింతలు సడలింపు ఇచ్చి, 2017 సెప్టెంబరు తర్వాతే కొత్త మోడళ్లకి అసలు హద్దు పెట్టారు. మన దగ్గర కూడా బీఎస్6 మొదటి మూడేళ్లు తయారీదారులకి అలాంటి పదింతల వెసులుబాటు ఉండింది. ల్యాబ్‌లో రోలర్ల మీద కాక నిజమైన రోడ్డు మీద కొలిచే పద్ధతి 2023 ఏప్రిల్ నుంచి వచ్చింది. ఈ మార్పు విలువ కొండ దారి చూసినవాళ్లకి బాగా అర్థమవుతుంది. ల్యాబ్‌లో భారతీయ కార్లకి నడిపించే డ్రైవింగ్ సైకిల్, అంటే ఏ సెకనుకి ఎంత వేగమో ముందే రాసిపెట్టిన పరీక్ష, 1,180 సెకన్లు, గరిష్ఠ వేగం గంటకి 90 కిలోమీటర్లు, ఎక్కుడు అనేదే లేదు.

తిరుపతి సముద్ర మట్టానికి దాదాపు 160 మీటర్ల ఎత్తున ఉంటే, తిరుమల 850 మీటర్ల పైన ఉంది. మనుషులతో, సామానుతో 1,600 కిలోలు తూగే కారును దాదాపు 700 మీటర్లు పైకి లేపాలంటే, ఇంజన్‌లో వృథా అయ్యేది కూడా కలుపుకుని, ఆ ఎత్తుకే లీటరు పైచిలుకు పెట్రోలు అదనంగా కావాలి. మలుపులో ఒకసారి గేరు దించి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడల్లా ఈసీయూ, అంటే ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్, ఒక్కసారిగా ఎక్కువ పెట్రోలు చిమ్మిస్తుంది. అదే క్షణంలో కణాల సంఖ్య శిఖరంలా లేస్తుంది. నిదానంగా, ఒకే తీరున ఎక్కే బండి కంటే తొక్కుతూ వదులుతూ ఓవర్‌టేక్ చేసే బండి ఎన్నో రెట్లు వదులుతుంది. టీటీడీ ఘాట్ రోడ్డులో ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు అని పెట్టిన హద్దు ప్రమాదాలు తగ్గించడానికే అయినా, మసి విషయంలోనూ అది మంచి నియమమే.

ఈ మసిని తగ్గించే ప్రయత్నం ముందు ఇంజన్ లోపలే మొదలైంది. ఇంజెక్షన్ ఒత్తిడిని 200 బార్ల నుంచి 350కి పెంచారు, కొందరు 500 దాకా వెళ్లారు. కారు టైరులో ఉండే గాలి రెండు బార్ల పైచిలుకు అని గుర్తుంచుకుంటే 350 అంటే ఏమిటో తెలుస్తుంది. ఒత్తిడి పెరిగితే బిందువులు సన్నబడతాయి, సన్నని బిందువు త్వరగా ఆవిరవుతుంది. ఇంజెక్టర్‌ను పక్క నుంచి మధ్యకి, స్పార్క్ ప్లగ్ పక్కకి జరిపారు. ధార గోడకి తగలకుండా రంధ్రాల దిశలు మార్చారు.

అన్నిటికంటే తెలివైన పని ధారను ముక్కలు చేయడం. ఒకేసారి చిమ్మకుండా రెండు మూడు దఫాలుగా చిమ్మితే ఒక్కో ధార గోడదాకా చేరేలోపే గాలిలో కరిగిపోతుంది. ఎప్పుడు చిమ్మాలన్నది మాత్రం కత్తి మీద సాము. కాస్త ముందు చిమ్మితే పిస్టన్ ఇంకా పైనే ఉంటుంది, దాని తల తడుస్తుంది. కాస్త ఆలస్యమైతే కలవడానికి వ్యవధి చాలదు. చల్లని ఇంజన్‌కి ఒక లెక్క, వేడి ఇంజన్‌కి ఒక లెక్క, ఎక్కుడులో ఇంకో లెక్క. ఈ లెక్కలన్నీ ఈసీయూలో పట్టికలుగా ఉంటాయి. కారు కొన్న రోజు ఉన్న మంచితనం పదేళ్లకీ ఉంటుందా అనేది ఇంజెక్టర్ మూతి శుభ్రం మీద ఆధారపడుతుంది కాబట్టి, లోపలి పనితనాన్ని మాత్రమే నమ్ముకోవడం సరిపోదు. టయోటా 2005 నుంచే కొన్ని ఇంజన్లలో రెండు రకాల ఇంజెక్టర్లూ పెట్టి, సిలిండర్ లోపలికి నేరుగా చిమ్మడం అక్కర్లేని వేళల్లో బయటి ఇంజెక్టర్‌తో నడిపిస్తోంది. ఖర్చు ఎక్కువే, కానీ వాల్వుల మీద కార్బన్ పేరుకోవడం కూడా దీంతో తగ్గుతుంది.

పెట్రోలు కూడా అమాయకమైనదేమీ కాదు. అందులోని బరువైన, ఎక్కువ వేడికి గాని ఆవిరి కాని అరోమాటిక్ పదార్థాలే (అణువులో కార్బన్ ఉంగరాలున్నవి) మసికి ముఖ్యమైన మేత. ఏ పెట్రోలు ఎంత మసి ఇస్తుందో దాని కూర్పును బట్టే అంచనా కట్టే సూచికను 2010లో హోండా పరిశోధకులు ప్రతిపాదించారు. బీఎస్6 పెట్రోలులో అరోమాటిక్స్ 35 శాతం మించకూడదు. కానీ ఆ 35 శాతంలో తేలికవి ఎన్ని, బరువైనవి ఎన్ని అన్నదే అసలు ప్రశ్న. 20 శాతం ఎథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు సంగతి రెండు వైపులా పదునున్నది. ఎథనాల్‌లో ఆక్సిజన్ ఉంది, అరోమాటిక్స్ లేవు, కాబట్టి వేడి ఇంజన్‌లో మసి తగ్గడానికే అవకాశం ఎక్కువ. అయితే ఎథనాల్ ఆవిరి కావడానికి పెట్రోలు కంటే సుమారు రెండున్నర రెట్లు వేడి తీసుకుంటుంది. చల్లని ఇంజన్‌లో ఆ వేడిని అదే లాగేసుకుంటే బరువైన పెట్రోలు భాగాలు గోడ మీద ఇంకొంచెం ఎక్కువసేపు తడిగా మిగులుతాయి.

చివరికి ఏ వేళైనా, ఏ డ్రైవరైనా, ఏ పెట్రోలైనా నమ్మకంగా పనిచేసేది ఫిల్టరే. దీన్ని జీపీఎఫ్ అంటారు, డీజిల్ కార్ల డీపీఎఫ్‌కి తమ్ముడు. తేనెపట్టులా వేలాది సన్న గొట్టాలున్న సిరామిక్ దిమ్మె. ఒక గొట్టం ఈ చివర మూసి, పక్కది ఆ చివర మూసి ఉంటుంది. పొగ ఒక గొట్టంలో దూరి, దారి మూసి ఉండడంతో గోడలోంచి పక్క గొట్టంలోకి దూసుకెళ్లాలి. చిత్రమేమిటంటే ఆ గోడ రంధ్రాలు పది ఇరవై మైక్రాన్లవి, కణం దానికి వంద రెట్లకు పైగా చిన్నది. జల్లెడ లెక్కన చూస్తే ఒక్కటి కూడా ఆగకూడదు. కానీ అంత చిన్న కణం తిన్నగా పోలేదు. గాలి అణువులు అటూ ఇటూ నెడుతుంటే తూలుతూ పోయి గోడకి తగిలి అతుక్కుంటుంది. ఎంత సన్నదైతే అంత తూలుతుంది, అంత బాగా దొరుకుతుంది. పెద్దవి వంకర దారిలో తిరగలేక గోడకి కొట్టుకుంటాయి. ఈ రెండిటికీ మధ్య సైజువే తప్పించుకునేవి. కొత్త ఫిల్టర్ కంటే కొన్ని వేల కిలోమీటర్లు తిరిగి పలచగా బూడిద పూత పట్టిన ఫిల్టరే బాగా పడుతుంది.

పట్టిన మసిని కాల్చేయాలి. ఇక్కడ పెట్రోలుకి డీజిల్‌కి తేడా పెద్దది. డీజిల్ పొగలో ఆక్సిజన్ మిగిలి ఉంటుంది, వేడి చాలదు. పెట్రోలు పొగలో వేడి పుష్కలం, ఆక్సిజనే ఉండదు, ఎందుకంటే విష వాయువులను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్ కోసం గాలిని ఉన్నంతా వాడేస్తారు. గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీంచి కాలు తీసినప్పుడు ఈసీయూ పెట్రోలు పూర్తిగా ఆపేస్తుంది. అప్పుడు సైలెన్సర్‌లోకి పోయేది ఉత్త గాలి. ఫిల్టర్ అప్పటికే 600 డిగ్రీల దరిదాపుల్లో కాగి ఉంటే ఆ గాలికి మసి అంటుకుని కాలిపోతుంది.

అలిపిరి నుంచి ఎక్కే దారి ఈ పనికి చేసినట్టుంది. పదహారు కిలోమీటర్లకు పైగా ఎక్కుడులో ఫిల్టర్ బాగా కాగుతుంది, మలుపుల ముందు కాలు తీసిన ప్రతిసారీ కాస్త మసి కాలుతుంది. దిగే దారి వేరు. తిరుమలలో రాత్రంతా నిలిపిన కారును పొద్దున్నే స్టార్ట్ చేసి 1944 నాటి పాత ఘాట్ రోడ్డు పట్టిస్తే, ఆ కారు చాలాసేపు పెట్రోలు ఆపేసుకునే దిగుతుంది. గాలి కావలసినంత, వేడి మాత్రం లేదు. ఫిల్టర్ ఊరికే ఉంటుంది, ఇంజన్ కూడా కిందికి వచ్చేదాకా సరిగా వేడెక్కదు. తిరుపతి వీధుల్లోనే రోజూ రెండు మూడు కిలోమీటర్లు తిరిగే కారుది కూడా ఇదే కష్టం. మసి పేరుకుంటుంది, కాలే అవకాశం రాదు. డాష్‌బోర్డు మీద ఫిల్టర్ లైటు వెలిగితే, బండి పుస్తకంలో చెప్పినట్టు చిత్తూరు దాకా హైవే మీద ఆగకుండా ఒకసారి పోయి రావడం చాలావాటికి చాలు. షెడ్డులో ఎవరో చెప్పారని ఫిల్టర్ లోపలి దిమ్మెను పగలగొట్టించడం మాత్రం చేయకూడని పని. మైలేజీలో మిగిలేది చాలా స్వల్పం, పైపులోంచి బయటికి పోయే కణాలు కోట్లలో.

మసి కాలిపోతుంది, బూడిద కాలదు. ఆ బూడిద ఎక్కువగా ఇంజన్ ఆయిల్‌లోని రసాయనాల నుంచి వస్తుంది. ఫిల్టర్ ఉన్న కారుకి బూడిద తక్కువ ఇచ్చే ఆయిల్ గ్రేడు చెబుతారు. సర్వీసులో ఆ ఒక్క మాట అడిగి పోయించుకుంటే ఫిల్టర్ ఆయుష్షు పెరుగుతుంది.

ఇదంతా ఎవరి ఊపిరి కోసం? ఈ కణాలు రోడ్డు పక్కనే ఎక్కువ, కొన్ని వందల మీటర్లు దూరం వెళితే బాగా పలచబడతాయి. అంటే దెబ్బ ముందు తగిలేది రోడ్డు మీద గంటల తరబడి నిలబడేవాళ్లకి: తనిఖీ కేంద్రం సిబ్బంది, ట్రాఫిక్ పోలీసులు, బస్టాండు ముందు పూలమ్మేవాళ్లు. అలిపిరి మెట్లదారిలో నడిచేవాళ్లు కూడా. ఏడో మైలు దాటాక నడకదారి కొంతదూరం ఘాట్ రోడ్డును ఆనుకునే సాగుతుంది. మెట్లెక్కి ఎక్కి ఆయాసంతో గుండెల నిండా గాలి పీల్చేది సరిగ్గా అక్కడే. అది దిగే రోడ్డు కాబట్టి పెట్రోలు మసి కొంత తక్కువే, కానీ బ్రేకుల పొడి ఎక్కువ. పెట్రోలు ఆపేసి దిగే ఇంజన్ రింగుల సందుల్లోంచి ఆయిల్ పైకి పీలుస్తుంది, మళ్లీ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఆ ఆయిలూ కాలుతుంది. యూరప్ వాళ్ల యూరో 7 నిబంధనల్లో బ్రేకు పొడికి కూడా హద్దు పెట్టారు, 23 నానోమీటర్ల నుంచి కాకుండా 10 నుంచే కణాలు లెక్కపెట్టాలన్నారు. మెట్లదారిలో నడిచేవాళ్ల వైపు నుంచి చూస్తే ఈ రెండు మార్పులూ మనకీ అవసరమైనవే. తిరుమలకి 2022లో ఆర్టీసీ విద్యుత్ బస్సులు వచ్చినప్పుడు దక్కిన మొదటి మేలు కూడా ఈ నడిచేవాళ్లకే.

కొలత విషయంలో మాత్రం చాలా వెనకబడి ఉన్నాం. కేంద్రం 2019లో మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో చిత్తూరు ఉంది. అక్కడ కొలిచేది పీఎం10, పీఎం2.5, అంటే పది మైక్రాన్ల లోపు, రెండున్నర మైక్రాన్ల లోపు రేణువులు. రెండూ తూకాలే, ఘనపు మీటరుకి ఇన్ని మైక్రోగ్రాములని. క్వారీ దుమ్ము రేణువు ఒక్కటి ఈ మసి కణాలు లక్షలాదింటికి సాటిగా తూగుతుంది కాబట్టి, మసి ఎంత పెరిగినా ఆ అంకెలో దాదాపు కనిపించదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాల్లో అతి సూక్ష్మ కణాలను సంఖ్యలోనే లెక్కపెట్టమంది: ఘనపు సెంటీమీటరుకి రోజు సగటు వెయ్యి లోపు ఉంటే తక్కువ, పది వేలు దాటితే ఎక్కువ. మన గాలి ప్రమాణాల్లో అలాంటి అంకె లేదు.

కారు సంగతీ అంతే. పెట్రోలు బంకు పక్కన వ్యానులో పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు సైలెన్సర్‌లో గొట్టం పెట్టి ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు చూస్తారు. మసికి పరీక్ష డీజిల్‌కే, అది కూడా పొగ ఎంత చిక్కగా ఉందన్నదే. నెదర్లాండ్స్, జర్మనీ 2023 నుంచి డీజిల్ కార్ల పరీక్షలో కణాల సంఖ్య లెక్కపెడుతున్నాయి. ఫిల్టర్ పగిలినా, పీకేసినా నిమిషంలో బయటపడుతుంది. పెట్రోలు కారుకి అదే పద్ధతి నేరుగా తెస్తే చాలదు. వేడెక్కిన పెట్రోలు ఇంజన్ ఐడిల్‌లో ఎలాగూ తక్కువే వదులుతుంది, ఫిల్టర్ ఉన్నదీ లేనిదీ ఒకేలా కనిపించవచ్చు. తేడా తెలియాలంటే ఇంజన్‌ను చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి కొలవాలి, లేదా యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కి కొలవాలి. అలిపిరి క్యూలో తెల్లవారుజామున నాలుగున్నరకి ప్రతి కారూ చేసేది ఈ రెండు పనులే.